ఒకటిన్నర రోజుల బడి వెనక: అన్నాభావు సాఠే నవలాకారుడైన తీరు

అన్నాభావు సాఠే పేరెత్తగానే ఎవరైనా చెప్పే మొదటి మాట, ఆయన ఒకటిన్నర రోజే బడికి పోయాడని. రెండో మాట, అయినా 35 నవలలు రాశాడని. ఈ రెండు మాటల మధ్యనున్న ‘అయినా’ గురించి మనం మాట్లాడుకోవాలి. పైకి అది పొగడ్తే. లోపల మాత్రం ఒక కులదృష్టి ఉంది. మాంగ్ ఇంట పుట్టినవాడు, బడి మొహం చూడనివాడు నవల రాయడం ఒక వింత, ఒక అద్భుతం అని ఆ మాట చెబుతున్నది. అద్భుతానికి కారణాలు వెతకరు. కారణాలు వెతకనప్పుడు ఆయన్ని బడి బయటికి గెంటినదెవరో అడగనక్కరలేదు, బడి బయట ఆయనకు చదువు చెప్పినదెవరో తెలుసుకోనక్కరలేదు. ‘సహజ ప్రతిభ’ అని చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. దళిత రచయితల విషయంలో అగ్రకుల సాహిత్య విమర్శ చాలాకాలంగా చేస్తున్న పని ఇదే. మన సభల్లోనూ ఈ అద్భుత కథే చెప్పుకుంటున్నాం గనక ముందు దాన్ని విప్పి చూడాలి.

అన్నాభావు అసలు పేరు తుకారాం. 1920 ఆగస్టు 1న నేటి సాంగ్లీ జిల్లా వాటేగావ్‌లో పుట్టాడు. తండ్రి భావురావు, తల్లి వాలూబాయి. కులం మాంగ్, మాతంగ్ అని కూడా అంటారు. తాళ్లు పేనడం, చీపుర్లు కట్టడం, ఊరికి కావలి కాయడం, హల్గీ వాయించడం వాళ్లకు అంటగట్టిన పనులు. హల్గీ అంటే దాదాపు మన డప్పే. మాంగులకూ మన మాదిగలకూ పనులన్నీ ఒకటి కావు గానీ ఊరి బయటి చోటు ఒకటే, పండక్కీ చావుకూ మోగే తోలు ఒకటే. దీనికి తోడు బ్రిటిష్ ప్రభుత్వం 1871లో మొదలుపెట్టిన నేరస్థ జాతుల చట్టం కింద మాంగుల మీద కూడా నేరస్థుల ముద్ర పడింది. పోలీసు హాజరీ చెప్పుకుంటే తప్ప పొద్దు గడవని బతుకది. స్టువార్టుపురం ఎరుకల సంగతి తెలిసిన మనకు ఇదంతా విడమరిచి చెప్పనక్కరలేదు. ఒక కులం కులాన్నే దొంగలని రాసిపెట్టిన రాజ్యంలో ఆ కులపు పిల్లవాడు పంతులు ముందు ఎన్నాళ్లు కూచోగలడు? ఒకటిన్నర రోజు అన్న లెక్కలో పిల్లవాడి చదువు కన్నా బడి గుణమే ఎక్కువ తెలుస్తున్నది.

1930ల మొదట్లో ఆ కుటుంబం ఊరు విడిచి నడుచుకుంటూ బొంబాయి చేరింది. బండికి డబ్బుల్లేక కాలినడకన, దారిలో కూలి చేసుకుంటూ వచ్చారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. బొంబాయిలో ఆయన మూటలు మోశాడు, బొగ్గు ఏరాడు, ఫేరీ తిరిగి అమ్మాడు, మిల్లులో పనిచేశాడు. దుకాణాల బోర్డులు, సినిమా పోస్టర్లు కూడబలుక్కుంటూ అక్షరాలు పట్టుకున్నాడని చెబుతారు. కాని పోస్టరు ఒక్కటే మనిషిని నవలాకారుణ్ణి చెయ్యదు. ఆయన అసలు చదువు జరిగింది మాటుంగా లేబర్ క్యాంపులో. దళిత కూలీలూ మిల్లు కార్మికులూ నివసించిన వాడ అది. అంబేద్కర్ ఉద్యమమూ కమ్యూనిస్టు ఉద్యమమూ ఒకే గల్లీలో తిరిగిన చోటు. 1927 మహద్ సత్యాగ్రహాన్ని నడిపినవాళ్లలో ఒకరైన ఆర్.బి. మోరే తర్వాత కమ్యూనిస్టయి పనిచేసింది ఇలాంటి వాడల్లోనే. మీటింగులకు జనాన్ని పిలవడం, గోడల మీద రాయడం, కరపత్రం పదిమందికి చదివి వినిపించడం, రాత్రి చర్చలు వినడం, ఇదీ అన్నాభావు సిలబస్. క్యాంపులో దోమల బాధ మీద ఆయన కట్టిన పాటను ఆయన తొలి రచనల్లో లెక్కపెడతారు. తొలి వస్తువు దోమలని నవ్వుకునేవాళ్లుంటారు. మురుగు పక్కన పడుకున్నవాడికి వెన్నెల కన్నా ముందు దోమలే తెలుస్తాయి.

అందుకని ఆయన ‘చదువులేనివాడు’ కాదు. ఆయనకు చదువు చెప్పిన సంస్థలకు విశ్వవిద్యాలయ గుర్తింపు లేదు, అంతే తేడా. మొదటి తరంలో డిగ్రీ పట్టుకున్న మాబోటివాళ్లం ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి. లేకపోతే డిగ్రీ ఉన్నచోటే జ్ఞానముందని మనమే నమ్మి, మన అయ్యవ్వల నోటిలో ఉన్నదాన్ని ‘ముడిసరుకు’ అని రాసుకుంటాం.

నవలకన్నా ముందు ఆయనకు పాట ఉంది. స్టాలిన్‌గ్రాడ్ యుద్ధం మీద ఆయన రాసిన పోవాడా 1943లో అచ్చయింది. 1944లో అమర్ షేక్, గవాణ్‌కర్‌లతో కలిసి ‘లాల్ బావ్టా కళాపథక్’ కట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర ప్రజానాట్యమండలి, నాజర్ బుర్రకథ ఊళ్లు తిరుగుతున్నాయి. అక్కడ పోవాడా, తమాషా, ఇక్కడ బుర్రకథ. రెండు చోట్లా శూద్ర, దళిత, ముస్లిం కళాకారుల గొంతుల్లో శతాబ్దాలుగా నిలిచిన రూపాలను పార్టీ వాడుకుంది. వాడుకుంది అనడం నింద కాదు. ఆ కళాకారులు కూడా పార్టీ వేదికను వాడుకున్నారు. తమాషా అంటే అప్పటి పెద్దమనుషులకు బూతు. ఆడేది మహర్లు, మాంగులు, కోల్హాటీ స్త్రీలు. స్వాతంత్ర్యం వచ్చాక బొంబాయి ప్రభుత్వం తమాషా మీద ఆంక్షలు పెట్టింది. అన్నాభావు దాన్నుంచి దేవుడి స్తుతిని తీసేసి, శ్రమనూ నేలనూ తలుచుకుని మొదలుపెట్టి, ‘లోకనాట్యం’ అని నిలబెట్టాడు. సంయుక్త మహారాష్ట్ర పోరాటంలో ఆయన ‘మాఝీ మైనా’ లావణి ఊరూరా మోగింది. ఊళ్లో భార్యను విడిచి బొంబాయి చేరిన కూలివాడి బాధను, రాష్ట్రంలో చేరకుండా మిగిలిన ప్రాంతాల బాధతో కలిపిన పాట అది.

ఆయన నవలను ఈ పాట నుంచి విడదీసి చదివినవాళ్లు తప్పుగా చదివారు. కథ పరుగెడుతుంది, సంభాషణలు పదునుగా ఉంటాయి, వీరుడు వస్తాడు, దుర్మార్గుడు ఓడతాడు, ఇదంతా నాటకీయత, వినోద సాహిత్యం అని మరాఠీ విమర్శ ఆయన్ని చాలాకాలం పక్కన కూచోబెట్టింది. మధ్యతరగతి మనిషి గదిలో కూచుని తనలో తాను గొణుక్కుంటే అది గంభీర నవల. వేలమంది జనం ముందు నిలబడి ఆడిన మనిషి, ఆ జనం వదలకుండా చదివేట్టు రాస్తే అది కాలక్షేపం. ఈ కొలబద్ద ఎవరిది? హల్గీ దెబ్బకు అలవాటైన చెవికి కథ ఎట్లా నడవాలో ఆ చెవిని అడగాలి గదా!

‘ఫకీరా’ 1959లో వచ్చింది. 1961లో రాష్ట్ర ప్రభుత్వ బహుమతి పొందింది. బ్రిటిష్ వాళ్లను ఎదిరించిన ఒక మాంగ్ వీరుడి కథ. ఆ వీరుడు రచయిత అమ్మ తరఫు బంధువని చెబుతారు. మొదటి భాగంలో ఫకీరా తండ్రి రాణోజీ, ఊరి సౌభాగ్యమని నమ్మే జోగినిని పొరుగూరి నుంచి తెచ్చే సాహసంలో ప్రాణం పోగొట్టుకుంటాడు. ఇక్కడ జోగిని అంటే మనకు తెలిసిన జోగిని స్త్రీ కాదు, ఒక జాతర ఆచారం. ఊరికి సిరి తెచ్చినవాడు మాంగ్. ఆ సిరిలో ఆయన వాడకు దక్కేది ఏమిటన్న ప్రశ్నను రచయిత ఉపన్యాసంగా చెప్పడు, కొడుకు బతుకులో చూపిస్తాడు. కరువూ రోగమూ వచ్చి జనం రాలిపోతుంటే ఫకీరా ధాన్యమూ ఖజానా దోచి ఆకలిగొన్నవాళ్లకు పంచుతాడు. చట్టం దొంగ అని రాసుకున్న కులాన్ని నవల ‘మమ్మల్ని దోచిందెవరు’ అని అడిగే చోటికి తెచ్చి నిలబెట్టింది. పోలీసు రికార్డుకు నవల ఇచ్చిన జవాబు ఇది.

ఈ నవల రాసే నాటికి ఆయన ఉంటున్నది ఘాట్కోపర్ చిరాగ్ నగర్ మురికివాడలో. ‘స్మశానంలో బంగారం’ కథను ఆ చుట్టుపక్కల బతుకుతో కలిపి చదవాలి. రాతిక్వారీలో పని పోయిన భీమా శవాల బూడిదలో, గోతుల్లో బంగారం వెతుకుతాడు. ఒక రాత్రి నక్కలతో కలబడి శవాన్ని తవ్వి, నోట్లో బంగారం తీయబోయి చేతివేళ్లు పోగొట్టుకుంటాడు. ఆ తర్వాతే క్వారీ మళ్లీ తెరిచారని తెలుస్తుంది. రాళ్లు కొట్టడానికి ఇప్పుడు వేళ్లు లేవు. నిరుద్యోగం గురించి ఇంతకన్నా గట్టిగా చెప్పిన కథలు తక్కువ. పాఠకుడి కన్నీళ్లు అడగకుండా, పనికీ శరీరానికీ మధ్య ఉన్న లెక్కను తేల్చిచెప్పాడు.

ఆయన నిత్యజీవితం లెక్క కూడా తేల్చాల్సే ఉంది. ‘వైజయంత’, ‘ఫకీరా’తో సహా ఆయన నవలలు ఏడు సినిమాలయ్యాయి. 1961లో సోవియట్ దేశం పిలిస్తే వెళ్లి వచ్చి యాత్రాగ్రంథం రాశాడు. కాని ఆయన తిరిగొచ్చింది చిరాగ్ నగర్‌కే. గోరేగావ్‌లో చిన్న ఇల్లు దక్కింది చివరి రోజుల్లో. 1969 జూలై 18న, 49 ఏళ్లు నిండకుండానే, పేదరికంలో పోయాడు. పుస్తకం అచ్చువేసినవాడికీ సినిమా తీసినవాడికీ రచయితకూ మధ్య పంపకం ఎట్లా జరిగిందో ఆ ఇల్లే చెబుతున్నది. ‘దారిద్ర్యంలోనూ రాశాడు’ అని మనం గర్వపడుతుంటే ఆ పంపకాన్ని ఒప్పుకున్నట్టే. 35 నవలల వెనక త్వరగా రాసిస్తే త్వరగా నాలుగు రూపాయలొస్తాయన్న అవసరం కూడా ఉండి ఉంటుందని అనుకోవడంలో తప్పు లేదు. కొన్ని నవలలు హడావుడిగా ముగిసినట్టు కనిపించడానికి కూలి రేటు కూడా ఒక కారణమని విమర్శకులు గుర్తించాలి. ఇంకో ప్రశ్న, ఆ ఇల్లు నడిపినదెవరు? కొండాబాయి, జయవంతల పేర్లు జీవితచరిత్రల్లో ఒక వాక్యంలో వచ్చిపోతాయి. రచయితకు రాసే పొద్దు మిగిల్చిన స్త్రీల శ్రమ మన దళిత సాహిత్య చరిత్రలో కూడా ఇంకా లెక్కకు రాలేదు.

నవలల్లోని స్త్రీల గురించి నాకు అభ్యంతరం ఉంది. ‘వైజయంత’లో తమాషా కళాకారిణి, ‘చందన్’లో మురికివాడలో ఒంటరిగా బతికే కూలి స్త్రీ, వీళ్లు లొంగరు, తిరగబడతారు. మరాఠీ నవలలో ఇట్లాంటి స్త్రీలకు ఈ గౌరవం ఆయన ముందు పెద్దగా లేదు. కాని వాళ్ల పోరాటమంతా చివరికి శీలం కాపాడుకోవడం చుట్టూ తిరుగుతుంది. దళిత స్త్రీ శరీరం మీద హక్కు తమదని ఊరు అనుకుంటున్నప్పుడు శీలం అనే మాట ఒక ఆయుధమే, ఒప్పుకుంటాను. ఆ ఆయుధం చేసింది మాత్రం అవతలివాళ్ల కొలిమిలోనే.

దళిత సాహిత్యమంటే ఆత్మకథ అనే అలవాటు 1978లో దయా పవార్ ‘బలుతం’ వచ్చినప్పటి నుంచి బలపడింది. ఆత్మకథల విలువ తక్కువేం కాదు. కాని ‘మీ బాధ చెప్పండి’ అని అడిగే పాఠకుడు ‘మీ ఊహ చెప్పండి’ అని ఎందుకడగడు? అన్నాభావు తన ఆకలిని ఆత్మకథగా అమ్మలేదు. వీరుల్నీ దోపిడీనీ ప్రేమనూ కల్పించాడు. కల్పన మీద హక్కు అడగడం కూడా ఆత్మగౌరవ పోరాటమే. మన దగ్గర ‘పంచమం’ (1998), ‘అంటరాని వసంతం’ (2000), ‘కక్క’ (2000) ఈ దారిలోనే వచ్చాయి. వాటిని సమాజశాస్త్ర సాక్ష్యాలుగా కాక నవలలుగా చదివే విమర్శ మనకింకా పెరగాల్సి ఉంది.

ఇక ఆయన ఎవరివాడన్న తగాదా. జీవితమంతా ఎర్రజెండాతో నడిచాడు, ‘ఫకీరా’ను మాత్రం అంబేద్కర్ కలానికి అంకితమిచ్చాడు. 1958 మార్చి 2న బొంబాయిలో జరిగిన మొదటి దళిత సాహిత్య సమ్మేళనం ప్రారంభిస్తూ, ఈ భూమిని మోస్తున్నది శేషనాగు కాదు, దళితుల, కార్మికుల చేతులు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాటలో కులమూ వర్గమూ విడిగా లేవు. విడదీసింది తర్వాతి నాయకత్వాలు. 2002లో తపాలా బిళ్ల వేశారు, 2022లో మాస్కోలో విగ్రహం పెట్టారు. విగ్రహం పెట్టినవాళ్లు ఆయన పుస్తకాల్లోని ఖజానా దోపిడీ మీద ఏం మాట్లాడతారు?

మనకు ఇది దూరపు సంగతి కాదు. 1994లో దండోరా లేవనెత్తిన వర్గీకరణ ప్రశ్న 2004లో చిన్నయ్య తీర్పుతో మూతబడి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ తెరుచుకుంది. ఆ తేదీ అన్నాభావు పుట్టినరోజు కావడం యాదృచ్ఛికమే. దళితుల్లోనే వెనక పడ్డవాళ్లు ఉన్నారన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. ఉద్యోగాల వాటా అడిగినట్టే సాహిత్యంలో వాటా కూడా అడగాలి. ఎవరి పుస్తకాలు అచ్చవుతున్నాయి, ఎవరివి సిలబస్‌కెక్కుతున్నాయి, ఏ కులాల నుంచి ఇంకా ఒక్క నవలా రాలేదు అని లెక్కలు తీయాలి. ఫూలేనూ అంబేద్కర్‌నూ తెచ్చుకున్నంత శ్రద్ధగా అన్నాభావును మనం తెలుగులోకి తెచ్చుకోలేదు. ఆ పనితో పాటే బతికున్న మన రచయితల రాయల్టీ, ఇల్లు, ఆరోగ్యం గురించి మన సంఘాలు అడగడం మొదలుపెట్టాలి. ఫొటోకు దండ వేసే ఖర్చులో సగం పెట్టినా పుస్తకం కొనొచ్చు.