నూరుమందికి ఒక రహస్యం

“ఒకరికి పంపితే వెళ్తోంది, గ్రూపుకి పంపితే ఆగిపోతోందండీ.” మెయిల్ ఎన్‌క్రిప్షన్ పని నెత్తినేసుకున్నవాడికి ఈ ఫిర్యాదు నిత్యం ఉండేదే. చెప్పేవాళ్ల అనుమానం ఎప్పుడూ సర్వర్ మీదే. గ్రూపు పెద్దదైపోయింది, మోయలేకపోతోంది అంటారు. నేను లాగ్ ఫైళ్ల జోలికి పోకుండా ముందు సభ్యుల జాబితా అడుగుతాను.

బరువు మాట ఉత్తిదే. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో లోకం మీదికి వదిలిన పీజీపీ గానీ, దాన్నుంచి పుట్టిన ఓపెన్‌పీజీపీ గానీ నూరుమంది కోసం మెయిల్‌ని నూరుసార్లు ఎన్‌క్రిప్ట్ చేయవు. అప్పటికప్పుడు తయారైన సెషన్ కీతో ఒక్కసారే చేస్తాయి. ఆ చిన్న కీని మాత్రం ఎవరి పబ్లిక్ కీతో వారికి విడిగా మూసి, మెయిల్ ముందు తగిలిస్తాయి. ఉత్తరం ఒకే బీరువాలో, బీరువా తాళంచెవి ఎవరి డబ్బాలో వారికి. 4096 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ అయితే తలకి అర కిలోబైటు చిల్లర. నూరుమందికీ కలిపితే ఫోన్‌తో తీసిన ఫొటో అంత కూడా కాదు.

ఆ నూరుమందిలో ఒక్కరి కీ గడువు దాటితే చాలు, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాము మొత్తం మెయిల్‌నే ఆపేస్తుంది. తిట్టుకున్నా సరే, అదే సరైన పద్ధతి. కొన్ని ప్రోగ్రాములు ‘ఎన్‌క్రిప్ట్ చేయకుండా పంపెయ్యనా?’ అని బటన్ చూపిస్తాయి. సాయంత్రం బస్సు అందుకోవాల్సినవాడి ముందు పెట్టే బటనేనా అది!

ఇంకో రకం చిక్కుంది. మెయిల్ అందుతుంది, తెరుచుకోదు. కొత్తగా చేరినవాళ్లకే ఇది ఎక్కువ. మామూలు గ్రూపు చిరునామాకి సొంత కీ ఉండదు. పంపేవాళ్ల కంప్యూటర్లో ఆ పేరు కింద ఎవరెవరి కీలు రాసుకున్నారో వాళ్లే తెరవగలరు. సర్వర్ మాత్రం తన జాబితా చూసుకుని అందరికీ పంచేస్తుంది. రెండు జాబితాలకీ పొంతన ఉండదు. ఓపెన్‌పీజీపీ ప్రోగ్రాము జీపీజీలో ‘లిస్ట్ ప్యాకెట్స్’ ఆదేశం ఇస్తే మెయిల్‌ని ఏయే కీలతో మూశారో బయటపడుతుంది. కొత్తావిడ కీ అక్కడ లేకపోతే ఆవిడ కంప్యూటర్‌ని ఎంత గెలికినా దండగే.

కీ నంబర్లు మోసే ఆ ప్యాకెట్లే బీసీసీలో పెట్టినవారి గుట్టు కూడా రట్టు చేస్తాయి. పేరు దాచినా కీ నంబరు దాగదు. జీపీజీలో నంబర్లు దాచే వీలుంది గానీ, అప్పుడు అందుకున్నవారి ప్రోగ్రాము తన దగ్గరున్న కీలన్నీ ఒక్కొక్కటే పెట్టి చూసుకోవాలి.

1999లో ఆల్మా విట్టెన్, జె.డి. టైగర్ 12 మందికి పీజీపీ ఇచ్చి, ఒక ఎన్నికల ప్రచార బృందానికి రహస్య మెయిల్ పంపమన్నారు. గంటన్నర సమయం. ఏడుగురు బృందం కీలు వదిలేసి తమ కీతోనే మూశారు. వాళ్లని చూసి నవ్వలేను. ఇప్పటికీ చూస్తున్నదే.

ఈ జాబితాల చిక్కు తప్పించడానికి ష్లాయ్‌డర్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంది. గ్రూపుకే ఒక కీ ఇచ్చి, వచ్చిన మెయిల్‌ని సర్వర్ మీద తెరిచి, సభ్యులకి విడివిడిగా మళ్లీ మూస్తుంది. హాయిగానే ఉంటుంది గానీ ఆ కాసేపూ రహస్యం సర్వర్ చేతిలో ఉన్నట్టే. సర్వర్ మీ సొంతమైతేనే దాని జోలికి పోండి.

లేదంటే జాబితా ఒకరికి అప్పగించండి. వచ్చే నెలలో గడువు తీరే కీలు ఎవరివో చూసి, వాళ్లకి ఇవాళే ఫోన్ చేయమనండి.