వ్యసనమును కొలిచే కొలబద్దలు

మత్తుకు లోబడినవానికి ఆత్మగౌరవము తక్కువ అనియు, తన బ్రతుకు తన చేతిలో లేదనే భావము ఎక్కువ అనియు మనస్తత్వశాస్త్ర గ్రంథములలో తరచు కనిపిస్తుంది. ఈ మాటకు ఆధారమైన కొలబద్దలలో రెండు ప్రసిద్ధమైనవి. అమెరికా సమాజశాస్త్రజ్ఞుడు మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ఆత్మగౌరవమును కొలిచే పది వాక్యముల పట్టికను ప్రకటించినాడు. దానిని మొదట ప్రయోగించినది న్యూయార్క్ రాష్ట్రపు ఉన్నత పాఠశాల విద్యార్థుల మీద. మరుసటి ఏడు జూలియన్ రాటర్ 29 జతల వాక్యములను కూర్చినాడు. ప్రతి జతలోను తనకు నిజమని తోచిన వాక్యమును మనిషి ఎన్నుకోవలెను. ఫలితము తన ప్రయత్నము వలననే అనేవాడు ఒక వైపు, అదృష్టము వలన, పరుల వలన అనేవాడు మరొక వైపు తేలుతారు.

రెండును పనికివచ్చే సాధనములే. చిక్కంతా వాటిని ఎవరి ముందు పెట్టుచున్నారనే దానిలో ఉన్నది.

మహబూబాబాద్ జిల్లా మరిపెడ వంటి చోట కల్లు తాగుట పాత అలవాటు. తెలంగాణలో పలుచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రజోలామ్ కలిపి అమ్ముచున్న సంగతి తనిఖీలలో అనేకసార్లు బయటపడినది. ఇవి మెదడులోని నాడీకణముల ఉద్రేకమును అణచే మందులు. రోజూ తాగితే మెదడు ఆ అణచివేతకు అలవాటుపడి తన సమతూకమును మార్చుకొంటుంది. మందు హఠాత్తుగా ఆగితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, మూర్ఛలు వస్తాయి, మతి చెదురుతుంది. 2015 సెప్టెంబరులో కల్తీకల్లును అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాలలో ఎందరో ఈ లక్షణములతోనే ఆసుపత్రులకు చేరినారు.

అట్టి రోగి చేతికి రాటర్ పట్టిక ఇచ్చినారనుకొనండి. నా చేతిలో ఏమీ లేదనే వైపే గుర్తు పెడతాడు. పరిశోధకుడు దానిని ఒక విశ్వాసముగా లెక్క వేసుకొంటాడు. కాని తాను తాగినది కల్లే అనుకొన్నవాడు, అందులో మందు ఉన్నదని ఎరుగనివాడు చెప్పినది విశ్వాసము కాదు, జరిగిన సంగతి! రోజెన్‌బర్గ్ పట్టికలోను ఇట్టి ఇబ్బంది ఉన్నది. తనలో గర్వింపదగినది ఉన్నదా అని అడిగే వాక్యమొకటి అందులో కలదు. గర్వమును దోషముగా ఎంచే పల్లెలో పెద్దమనిషి కూడ తలవంచుకొని లేదనే అంటాడు.

ఏది ముందు, ఏది వెనుక అనేది ఇంకొక ప్రశ్న. ఆత్మగౌరవము లేక తాగినాడా, తాగి అప్పులపాలై, ఇంటివారి చేత మాటలుపడి దానిని పోగొట్టుకొన్నాడా? ఆసుపత్రిలో ఒక్కసారి కొలిచిన సంఖ్య దీనిని తేల్చలేదు. అలవాటు పడకముందే కొలిచి, కొన్నేండ్లు వెంబడించి చూడవలసినదే.

ఆల్బర్ట్ బాండురా 1977లో ప్రతిపాదించిన స్వసామర్థ్య భావన ఇక్కడ మేలు. బ్రతుకంతా ఎవరి చేతిలో ఉన్నదని అది అడుగదు. కూలి డబ్బు అందిన సాయంత్రము కల్లు మండువను దాటి ఇంటికి పోగలవా అని అడుగుతుంది. జవాబు ఎంతవరకు నిజమో ఆ సాయంత్రమే తెలుస్తుంది. అయితే వైద్యుడు మందును క్రమముగా తగ్గించి, వణుకు, మూర్ఛలు తగ్గిన తరువాతనే ఆ ప్రశ్న అడుగవలెను.