కలీమ్ పుస్తకాలు

డిప్యూటీ నజీర్ అహ్మద్ పేరు చెప్పగానే ఉర్దూ పాఠకులకు ముందుగా స్ఫురించేది 1869లో వెలువడిన ‘మిరాతుల్ ఉరూస్’. ఆడపిల్లల శిక్షణకై వ్రాయబడిన ఆ నవల ఇంటింటా చదవబడింది. కాని విమర్శకునికి ఎక్కువ పని కల్పించేది, ఖుర్ఆన్ 66వ సూరాలోని పదాలతో పేరు పెట్టుకున్న ‘తౌబతున్నసూహ్’.

ఢిల్లీలో కలరా సోకిన నసూహ్ స్వప్నంలో తీర్పు దినాన్ని చూస్తాడు. కోలుకొని, కుటుంబాన్ని సంస్కరించ పూనుకుంటాడు. కవిత్వమంటే ప్రాణమైన పెద్దకొడుకు కలీమ్ తండ్రి పిలిచినా వెళ్ళడు, ఇల్లు విడిచిపోతాడు. నసూహ్ అతని పుస్తకాలను తగులబెడతాడు.

రచయిత నసూహ్ పక్షమే. అయినా పాఠకుని మనస్సు కలీమ్ వెంట పోతుంది. ఇందుకు పాఠకుణ్ణి నిందించి లాభం లేదు. నసూహ్ నోట ఎక్కువగా వాజ్ వినిపిస్తుంది. కలీమ్ ఉన్నచోట ఢిల్లీ జీవితమే కదలాడుతుంది. మిత్రుడు మిర్జా జాహిర్‌దార్ బేగ్ (పేరులోనే ఉంది పైమెరుగు!) అతణ్ణి మస్జిదులో వదలి, ఆకలికి వేయించిన శనగలు తెచ్చి, వాటి ఘనతను వర్ణించే ఘట్టం ఒక్కటి చాలు. కొడుకు పుస్తకాలను మంటలో వేయించిన కలమే ఆ హాస్యాన్నీ వ్రాసింది.

చివరకు కలీమ్ పశ్చాత్తాపపడే మరణిస్తాడు. తౌబా విలువ ఏ ముస్లిం పాఠకునికీ చెప్పనక్కరలేదు. అయితే యుద్ధంలో తగిలిన గాయం అతణ్ణి అక్కడికి చేర్చింది. కవిత్వం గురించి అతడు లేవదీసిన ప్రశ్నకు నసూహ్ వద్ద నిప్పు తప్ప మరో జవాబు కనిపించదు.