వెనక్కి వేసే అడుగు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌మెన్‌లో చాలామంది దాదాపు బంతి ముట్టకుండానే కెరీర్ గడిపేస్తారు. వాళ్ల పేరు మైక్‌లో వినబడిందంటే సాధారణంగా తప్పు చేసినట్టే. 2022 ఫిబ్రవరిలో ఆండ్రూ విట్‌వర్త్ 40 ఏళ్ల వయసులో లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు లెఫ్ట్ టాకిల్‌గా, అంటే లైన్‌లో ఎడమ చివరి మనిషిగా ఆడి సూపర్ బౌల్ గెలిచాడు. ఓడింది అతను 11 సీజన్లు ఆడిన సిన్సినాటి బెంగాల్సే. మరో లైన్‌మన్ జేసన్ పీటర్స్ 41 ఏళ్ల వయసులోనూ సియాటిల్ జట్టు తరఫున బరిలోకి దిగాడు. ఇదంతా బండబలమేననుకుంటే పొరపాటు. బలమే ఆధారమైతే ఎదుటి జట్టులోని ఇరవై అయిదేళ్ల కుర్రాడి ముందు వీళ్లు నిలవరు. వాడు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ కోసం ముందుకు దూసుకొస్తాడు, ఈ చెట్టంత మనిషి వెనక్కి జరుగుతూ వాణ్ని ఆపాలి. బంతి కదలగానే ఎడమకాలు వెనక్కి జారుతుంది, కుడికాలు వెంబడిస్తుంది, పాదాలు మాత్రం ఎప్పుడూ దగ్గరపడవు. వంగేది మోకాళ్లే, నడుం కాదు. చేతులు ముందే చాస్తే ఎదుటివాడు తట్టేస్తాడు, ఆలస్యమైతే గుండెల మీదికే వస్తాడు, జెర్సీ పట్టి లాగితే 10 గజాల జరిమానా. ఆ అరక్షణపు అంచనా ఏళ్ల తరబడి ఆడితేనే వస్తుంది. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 45 ఏళ్ల దాకా ఆడలేదా అంటారు. ఆడాడు, కానీ క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే నిబంధనలు బోలెడున్నాయి. లైన్‌మన్‌కు ప్రతి ఆటలోనూ ఢీ తప్పదు. మోకాళ్లూ తలా చెల్లించే మూల్యం సంగతేమిటంటే, అది నిజమే, ఈ మెచ్చుకోలుతో ఆ లెక్క చెల్లిపోదు. అయినా ఈసారి ఆట చూస్తే బంతిని వదిలి ఎడమ చివరి మనిషి పాదాలు చూడండి.