గడప బయటి పుస్తకం

జాతి తన జ్ఞాపకాన్ని దాచుకునే చోటే జాతీయ గ్రంథాలయం అని మనకు చెబుతుంటారు. ఆ జ్ఞాపకంలోకి ఎవరి మాట పోతుంది, ఎవరి మాట గడప బయటే ఆగిపోతుంది అని మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది మనమే.

1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ మొదలైనప్పుడు 300 రూపాయలు కట్టగలిగినవాళ్ళే దాని యజమానులు. మొదటి యజమాని ద్వారకానాథ్ ఠాగూర్. 1891లో సెక్రటేరియట్ గ్రంథాలయాలను కలిపి ఇంపీరియల్ లైబ్రరీ చేశారు. ఈ రెంటినీ కలిపి కర్జన్ 1903లో ప్రజలకు తెరిచాడు. 1948లో చట్టం చేసి ‘ఇంపీరియల్’ తీసి ‘నేషనల్’ పెట్టారు. 1953లో, ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు కాపురమున్న బెల్వెడేర్ భవనంలో దాన్ని మౌలానా ఆజాద్ ప్రారంభించాడు. పేరు మారింది, ఇల్లు మారింది. చూపు మారిందా?

1954 నాటి చట్టం చూడండి. పుస్తకం అచ్చయిన 30 రోజుల్లో ప్రచురణకర్త తన ఖర్చుతో ఒక ప్రతిని కలకత్తాకు పంపాలి. అదీ మేలురకం కాగితం మీద అచ్చయిన ప్రతే, కుట్టించి మరీ పంపాలి. ఇంకో మూడు ప్రతులు మద్రాసు, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకు పోవాలి. తెలుగు నేల మీద ఒక్కటీ లేదు. పంపకపోతే 50 రూపాయల దాకా జరిమానా, పైగా పుస్తకం ఖరీదు.

ఈ చట్టం దృష్టిలో ప్యాంఫ్లెట్ కూడా పుస్తకమే. కాగితం మీద సమానత్వం ఉన్నట్టే. కానీ 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత చందాలేసుకుని చిన్న పుస్తకాలు అచ్చేసి సభల్లో అమ్మినవాళ్ళకి నాలుగు ఊళ్ళకు పోస్టు చేసే స్తోమతు ఎక్కడిది? ఆ చట్టం ఉందని వాళ్ళకు చెప్పిందెవరు? పంపితేనే పుస్తకం, పంపకపోతే లేనట్టే అనే పద్ధతిలో పెద్ద ప్రచురణ సంస్థ నిలుస్తుంది. ఉద్యమం అచ్చేసింది ట్రంకుపెట్టెల్లో చెదలు పడుతుంది. రేపు పరిశోధకుడొచ్చి ‘ఆధారాలు లేవు’ అని రాస్తాడు.

వలస ప్రభుత్వం 1867లోనే అచ్చుపుస్తకాల నమోదుకు చట్టం చేసింది. మూడు నెలలకోసారి జాబితాలు వేసింది. అది మన మీద ప్రేమతో కాదు, నిఘా కోసం. అయినా వెతికి రాసుకుంది. మనదని చెప్పుకునే రాజ్యం మాత్రం గుమ్మంలో కూర్చుని పోస్టు కోసం ఎదురుచూస్తోంది.

ఇక అచ్చుకెక్కని జ్ఞానం సంగతేంటి? డక్కలివాళ్ళు పటం విప్పి మాదిగలకు చెప్పే జాంబపురాణం ఈ చట్టానికి పుస్తకమే కాదు. అక్షరాన్ని మనకు అందకుండా చేసిన సమాజమే, అక్షరంలో ఉన్నదే జ్ఞానం అంటోంది.

అందుకే దానం చేసే బాధ్యత మనదీ, దాచే గౌరవం వాళ్ళదీ అనే లెక్క తిరగబడాలి. గ్రంథాలయమే వాడలకు రావాలి, ఖర్చు తనే పెట్టుకుని సేకరించాలి, పాటనూ పటాన్నీ నమోదు చెయ్యాలి. ఈలోగా మన ట్రంకుపెట్టెల జాబితా మనమే రాసుకుందాం. జాబితా చేతిలో ఉంటేనే, ఏవి లేవో నిలదీసి అడగగలం.