బొమ్మల ఆత్మకథ: ఒక విద్యార్థి తొలి పఠనం

బొమ్మల పుస్తకం అనగానే అది చిన్నపిల్లల కాలక్షేపమని భావించడం మనలో పరిపాటి. అయితే గత నాలుగు దశాబ్దాలలో బొమ్మలతోనే జీవితకథ చెప్పే ప్రక్రియ ప్రపంచ సాహిత్యంలో నిలదొక్కుకున్నది. నాజీల కాలంలో తన తల్లిదండ్రులు పడిన యాతనను ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' అనే గ్రంథంలో ఈ విధంగానే చిత్రించగా, 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం లభించింది. కాగా ముస్లిం పాఠకులు తమంతట తాము తేల్చుకోవలసిన ప్రశ్నలను లేవనెత్తిన గ్రంథం మర్జాన్ సత్రపి రచించి, చిత్రించిన 'పెర్సెపోలిస్'. 1969లో ఇరాన్‌లో జన్మించిన ఈమె తన బాల్య యౌవనాల కథను ఫ్రెంచి భాషలో 2000 నుంచి 2003 వరకు నాలుగు సంపుటాలుగా వెలువరించింది.

ఖమ్మం, భద్రాచలం అడవి అంచు గ్రామం నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి ఇటీవల ఈ గ్రంథాన్ని ఆంగ్లంలో చదివాడు. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు నేర్చిన ఈ ముస్లిం యువకునికి ఇటువంటి గ్రంథం చదవడం అదే మొదలు. అతనికి ఎదురైన చిక్కులు మూడు. అవి అతనొక్కనివి కావు గనుక వాటిని విచారించడమే ఈ వ్యాసోద్దేశం.

మొదటిది చదివే పద్ధతి. అతడు ఒక్క సాయంత్రంలో పుస్తకం ముగించాడు. కాని చదివినది అక్షరాలను మాత్రమే. బొమ్మలను అలంకారాలుగా భావించి దాటిపోయాడు. ఇరాన్, ఇరాక్ యుద్ధకాలంలో క్షిపణి పడి పొరుగింటి యూదు బాలిక మరణించిన ఘట్టం ఇందులో ఉంది. శిథిలాలలో ఆమె చేతి గాజును గుర్తించిన మర్జాన్ కళ్ళు మూసుకుంటుంది. ఆ తరువాతి గడి అంతా నలుపు. ఒక వాక్యం తప్ప అందులో మరేమీ లేదు. ఆ నలుపే అక్కడి కథనం. దానిని ఖాళీ జాగాగా భావించినవాడు ఆ మరణవార్తను విన్నాడే గాని, ఆ పిల్ల కళ్ళు మూసుకున్నప్పటి చీకటిని చూడలేదు.

నిజానికి బొమ్మను చదవడం ఆ ప్రాంతానికి కొత్త విద్య కాదు. కోయల గట్ల పుట్టుపూర్వోత్తరాలు పడిగెలనే గుడ్డలపై బొమ్మలుగా ఉంటాయి. డోలీలు ఆ కథలను గానం చేస్తారు. 2022లో పద్మశ్రీ పొందిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య ఆ డోలీ సంప్రదాయానికి చెందినవారే. పడిగె దగ్గర బొమ్మకు గొంతు ఇచ్చే డోలీ ఉంటాడు. బొమ్మల ఆత్మకథలో ఆ పని చాలావరకు పాఠకుడే చేసుకోవాలి. తేడా అంతే.

రెండవ చిక్కు మరింత గంభీరమైనది. గ్రంథారంభంలో పసిపిల్ల మర్జాన్ తానే చివరి ప్రవక్తనని ఊహించుకుంటుంది. రాత్రివేళ దేవునితో మాట్లాడుతుంది. ఆ దేవుణ్ణి రచయిత్రి తెల్లగడ్డం వృద్ధునిగా చిత్రించింది. మన విద్యార్థి అక్కడే పుస్తకం మూసి, మూడు రోజుల తరువాత గాని మళ్ళీ తెరవలేదు. అతని అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టివేయరాదు. అల్లాహ్‌కు సృష్టితో పోలిక కల్పించరాదన్న తన్జీహ్ సూత్రం మన విశ్వాసానికి పునాది. ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) అంతిమ ప్రవక్త అన్నదీ అంతే. కళ పేరుతో ఈ హద్దు చెరిగిపోదు.

అయితే ఆ బొమ్మను గీయడం సమ్మతమా అన్నది ఒక ప్రశ్న. ఆ బొమ్మ కథలో ఏమి చెబుతున్నదన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరిపోదు. ఆమెకు ప్రియమైన, తండ్రి సోదరుడైన అనూష్‌కు మరణశిక్ష అమలైన తరువాత ఆ పిల్ల ఆ వృద్ధుణ్ణి తన గదిలోనుంచి వెళ్ళగొడుతుంది. బొమ్మగా ఊహించుకున్న దేవుడు మొదటి దుఃఖానికే చెదిరిపోయాడు. రచయిత్రి ఉద్దేశం ఏదైనా, తన్జీహ్ తెలిసిన పాఠకునికి ఈ పతనం ఇతరులకన్నా స్పష్టంగా కనిపిస్తుంది. మూడు రోజుల తరువాత పుస్తకం తెరవడం వల్ల విద్యార్థికి కలిగిన లాభం ఇదే.

మూడవ చిక్కు: ఇది ఇస్లాంకు వ్యతిరేక గ్రంథమా? తొలి అధ్యాయమే 1980లో బడిపిల్లలపై ముసుగు విధించిన సంగతి కావడం వల్ల ఈ ప్రశ్న పుట్టింది. ఇక్కడ మన మదరసాలలో బోధించే హదీసు శాస్త్రం అక్కరకు వస్తుంది. ఒక్క ఉల్లేఖకుని ద్వారా వచ్చిన వార్తను, అంటే ఖబరె వాహిద్‌ను, విద్వాంసులు ఒక్కడే చెప్పాడన్న కారణంతో తోసిపుచ్చరు. పదిమంది నోట వచ్చిన వార్తతో సమానమూ చేయరు. చెప్పినవాడెవరు, స్వయంగా చూశాడా, ఎవరివద్ద విన్నాడు అని విచారిస్తారు. జ్ఞాపకాల గ్రంథానికి హదీసు స్థాయి లేదు. కాని విచారణ పద్ధతి అరువు తెచ్చుకోవచ్చు.

సత్రపి టెహరాన్‌లోని చదువుకున్న, వామపక్ష భావాలున్న సంపన్న కుటుంబంలో పెరిగింది. 1984లో పద్నాలుగేళ్ళ వయసులో వియన్నా వెళ్ళింది. యుద్ధానికి పంపే పేద బాలురకు స్వర్గపు తాళంచెవి అని ప్లాస్టిక్ తాళంచెవులు ఇచ్చారన్న సంగతి ఆమె కుటుంబానికి పనిమనిషి ద్వారా తెలిసింది. ఆ పుటలో పైన తాళంచెవులు మెడలో వేసుకున్న బాలురు మందుపాతరలపై ఎగిరిపడుతుంటారు. కింద మర్జాన్, ఆమె స్నేహితులు విందులో గంతులు వేస్తుంటారు. ఈ రెంటిని పక్కపక్కన పెట్టి రచయిత్రి తన వర్గంపైనే సాక్ష్యం చెప్పింది. తనకు వ్యతిరేకమైనా న్యాయంగా సాక్ష్యం పలకాలన్న ధర్మం తెలిసిన మనం దీనిని గమనించకపోతే ఎట్లా? విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఆమె నిజాయితీని మెచ్చి ఉత్తీర్ణత ఇచ్చిన ముల్లాను కూడా ఆమె గౌరవంగానే చిత్రించింది.

లోపం లేదని కాదు. ఇష్టపూర్వకంగా, భక్తితో ముసుగు ధరించే స్త్రీ అంతరంగం ఈ గ్రంథంలో దాదాపు కానరాదు. నల్లని దుస్తులలో ఒకే మూసలో పోసిన ముఖాలుగా వారు మిగిలిపోయారు. ఒకరి బలవంతాన్ని చూపిన కలం మరొకరి విశ్వాసాన్ని చూడలేకపోయింది. గ్రంథాన్ని ఇరాన్ అంతటిపై తీర్పుగా చదివేవారు ఈ లోపాన్ని గుర్తించరు. గ్రంథాన్ని ముట్టనివారికీ ఇది తెలిసే వీలు లేదు.

కనుక ఉపాధ్యాయులకు మనవి. ఇటువంటి గ్రంథం విద్యార్థుల చేతికి ఇచ్చేటప్పుడు రెండుసార్లు చదివించండి: ఒకసారి బొమ్మలను మాత్రమే, మరొకసారి మాటలతో కలిపి. ఏది చూసినది, ఏది విన్నది, ఏది ఊహించినది అని వేరు చేసి రాయమనండి. సాక్షిని మాట్లాడనివ్వక ఇచ్చే తీర్పు మన న్యాయ సంప్రదాయం కాదు. ఒక సాక్ష్యం అసంపూర్ణమనిపిస్తే, దానికి సమాధానం మరొక సాక్ష్యమే. ఆ కలం పట్టే అమ్మాయిలు, అబ్బాయిలు మన ఇళ్ళలోనే ఉన్నారు.