యాత్రాచరిత్రలలో కొత్త నగరము, పాత ఊరు

నేటి యాత్రాచరిత్రలకు ఒక అచ్చు ఏర్పడింది. కొత్త నగరం కనబడితే విస్మయం, పక్కనే పాత ఊరు కనబడితే విషాదం. షాంఘై చేరిన యాత్రికుడు 2015లో పూర్తయిన 632 మీటర్ల సౌధాన్ని తలయెత్తి చూస్తాడు. మరునాడు నగరానికి పడమట, కాలువల ఒడ్డునున్న చూజియాజియావ్‌కు పోయి, 1571 నాటి రాతివంతెనపై నిలిచి గతించిన కాలానికి వగస్తాడు. ఆ వంతెనను 1812లో తిరిగి కట్టారన్న సంగతి వగపుకు అడ్డు కాబోలు, చాలామంది వ్రాయరు.

అండమానులను గూర్చిన రచనలలో ఈ అచ్చు మరింత చెడ్డగా బయటపడుతుంది. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్టు బ్లెయిరు అక్కడి కొత్త నగరం. 2018లో నేతాజీ పేరు పెట్టిన ఎదుటి రాస్ ద్వీపం పాత ఊరు. 1858 తరువాత ఖైదీలచేత అడవి నరికించి బ్రిటిషువారు అక్కడ బంగళాలు, చర్చి, నృత్యశాల కట్టించుకున్నారు. 1941 నాటి భూకంపం, మరుసటి ఏటి జపాను ఆక్రమణ ఆ వైభవాన్ని ముగించాయి. ఇప్పుడు గోడలను చెట్లవేళ్ళు పెనవేసుకొని ఉన్నాయి. వర్ణనకు ఎంత అనువైన దృశ్యం! ఉదయం సెల్యులార్ జైలులో కన్నీరు కార్చిన కలమే మధ్యాహ్నం పడవ దిగి, ఆ జైలును ఏలినవారి నృత్యశాల కూలినందుకు నిట్టూరుస్తుంది. శైలి ఎంత మధురమైనా ఈ దోషాన్ని కప్పలేదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారికి ఈ చిక్కు లేదు. 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు సాగిన కాశీయాత్రలో ఆయన హైదరాబాదును, దాని పక్కన ఇంగ్లీషు దండు దిగిన సికిందరాబాదును చూచారు. దారుల స్థితి, నీటి వసతి, నాణేల మారకం, సరుకుల ధరలు, మనుషుల నడవడి ఆయనకు ముఖ్యం. 1838లో అచ్చయిన ఆ గ్రంథంలో అలంకారం తక్కువ. అందుకే అది నేటికీ చదివిస్తున్నది.

ఆ కన్ను గలవాడు రేవు దగ్గరే ఆగిపోడు. చౌల్దారీ వంటి దక్షిణ అండమాను గ్రామాలకు కూడా పోతాడు. 2011 జనగణననాటికి ఆ దీవుల జనాభా 3,80,581. తెలుగు మాతృభాషగా గలవారు నూటికి 13 మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుండి వలసపోయిన కుటుంబాలు వారిలో ఉన్నాయి. వారి మాటలో హిందీ ఎంత కలిసింది? పిల్లలు ఏ లిపి దిద్దుతున్నారు? పట్టిన చేపకు ధర కట్టేదెవరు? శిథిలాలను వర్ణించిన పేజీలలో ఈ ప్రశ్నలు అరుదు. తెలుగు యాత్రికుడు తెలుగువారిని దాటిపోయి, రాస్ గోడలను పలకరించి తిరిగి వస్తున్నాడు.